నలభై ఎనిమిదో వంతు మిగ్

సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఆ ఇంటి మేడ మీది గదిలోకి అడుగు పెట్టాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని రావాలి. తడి రంగు మీద ఒక్క దుమ్ము కణం వాలినా ఆరాక అది పొక్కులా పైకి తేలుతుంది. వాయుసేనలో మిగ్-21 విమానాల దగ్గర టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన గది అది. పేరు రాయొద్దన్నారు. ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. అతనికి ఆయన ‘సార్’, ఆయనకు అతను ‘నాన్నా’.

బల్ల మీద మిగ్-21 బిస్ నమూనా ఉంది. చెక్ దేశపు ఎడ్వర్డ్ కంపెనీ కిట్, 1/48 స్కేలు. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, ఇక్కడ 15 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అతికించడం, అతుకులు సాన పట్టడం ఎప్పుడో అయిపోయాయి. ఒళ్లంతా లేత బూడిద రంగు, దాని మీద మెరిసే క్లియర్ కోటు. వాయుసేన గుర్తుల డెకాల్స్ కూడా అంటించేశారు. ఇప్పుడు జరుగుతున్నది వెదరింగ్, అంటే కొత్తగా మెరిసే బొమ్మను వాడిన విమానంగా మార్చే పని. నేను వెళ్లింది అది చూడటానికే.

“ముందు ఇది చెప్పమ్మా, దీని మీద మురికి ఎక్కడుంటుంది?” అని అడిగారు. ఇంజిన్ దగ్గర అన్నాను. “ఇంకా?” నా దగ్గర జవాబు లేదు. ఆయన నమూనాను చేతిలోకి తీసుకుని కాక్‌పిట్ ఎడమ అంచు చూపించారు. ఈ రకం మిగ్‌లో అద్దం మూత కుడివైపుకు తెరుచుకుంటుంది. కాబట్టి నిచ్చెన ఎడమవైపే వేస్తారు. పైలట్ ఎక్కేదీ దిగేదీ అటే, బెల్టులు బిగించే మనిషి నిలబడేదీ అటే. బూట్లు, నిచ్చెన కొక్కేలు, రెంచీలు అన్నీ తగిలేది ఆ మూరెడు చోటే. రంగు లేచి లోహం బయటపడేది అక్కడే. కుడి అంచు దాదాపు కొత్తదానిలా ఉంటుంది. రెండువైపులా సమానంగా గీతలు పెట్టిన నమూనా చూస్తే, చేసినవాడు ఆ విమానం ఎలా ఎక్కుతారో ఆలోచించలేదని ఆయనకు అర్థమైపోతుందట.

ఆ రంగు లేచిన చోటు ఎలా చేస్తారో దగ్గర కూర్చుని చూశాను. అంచున ముందే వెండి రంగు లాకర్ వేసి, దానిపై మామూలు హెయిర్ స్ప్రే పలచగా కొట్టి, ఆ పైన బూడిద రంగు అక్రిలిక్ వేసి ఉంచారు. ఆ కాస్త చోట క్లియర్ కోటు వేయలేదు. ఇప్పుడు సన్నని కుంచెతో అక్కడ నీళ్లు అద్దారు. నిమిషం ఆగి, టూత్‌పిక్ మొనతో తట్టారు. అడుగున హెయిర్ స్ప్రే నీటికి కరిగి, పైరంగు చిన్న పెచ్చుగా ఊడి, కింద వెండి తళుక్కుమంది. ఒకటి, పక్కన ఇంకొకటి, అంతే. కుర్రాడు ఇంకా తడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. అర మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు విమానం మీద 24 మిల్లీమీటర్లు. రంగు అంతంత మేర లేచిపోయిన విమానాన్ని మా దళంలో ఎవరూ ఊరుకునేవాళ్లు కాదు నాన్నా అన్నారు.

ప్యానెల్ గీతల దగ్గరా ఇదే లెక్క. కిట్‌లో చెక్కిన గీత వెడల్పు పదో వంతు మిల్లీమీటరు అనుకున్నా, అసలు విమానంలో అది దాదాపు 5 మిల్లీమీటర్ల సందు. దాంట్లో నల్ల రంగు నింపితే విమానం గళ్ల చీర కట్టినట్టు కనిపిస్తుంది. పోటీల్లో బహుమతులు పొందిన నమూనాల ఫొటోల్లోనూ ఇది చూశాను; అందంగానే ఉంటాయి గానీ, ఎగిరినవిలా ఉండవు. ఈయన కామ్లిన్ ఆయిల్ ట్యూబుల్లోంచి ముదురు గోధుమ రంగు, అందులో చిటికెడు నలుపు, ఇంకాస్త తెలుపు తీసి టర్పెంటైన్‌లో పలచన చేశారు. కుంచె మొనను గీత మీద ఒక్కచోట తాకించారు. క్లియర్ కోటు నునుపు వల్ల ఆ రంగునీళ్లు గీత వెంట వాటంతటవే పరుగెత్తి, మూల తిరిగి, రివెట్ల గుంటల్లో నిలిచాయి. అరగంట ఆరనిచ్చి దూది పుల్లతో తుడిచారు. ముక్కు నుంచి తోక వైపుకే తుడవాలి, ఎప్పుడూ అడ్డంగా కాదు. తుడవగా మిగిలిన లేత మసక కూడా అప్పుడు గాలి వాలులోనే ఉంటుంది.

రంగుల వరుసకు కారణం ఉంది. అడుగున లాకర్, పైన అక్రిలిక్, ఆపైన ఆయిల్. పైపొరను పలచన చేసే ద్రవం కింది పొరను తినకూడదు. లాకర్‌కు కావలసిన థిన్నర్ విదేశాల నుంచి విమానంలో తెప్పించుకోవడం కుదరదు, మండే సరుకు. కార్లకు రంగులేసేవాళ్లు వాడే ఎన్.సి. థిన్నర్ రాణీగంజ్‌లో కొనుక్కొస్తారు. రంగు పాల చిక్కదనానికి వస్తే ఎయిర్‌బ్రష్‌లో పోస్తారు. ప్లాస్టిక్ మీద నేరుగా ఒలికితే ఆ థిన్నర్ దాన్ని కరిగిస్తుంది, అందుకే పలచటి పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి కొడతారు. కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను, మూతికి మాస్కు తప్పనిసరి.

నాకు బాగా నచ్చింది తోక. ఇంజిన్ మంట బయటికొచ్చే చోట లోహం రంగు మారుతుంది. వేడి తక్కువ తగిలిన దగ్గర గడ్డిపసుపు, ఆ తర్వాత గోధుమ, ఊదా, బాగా కాలిన చోట నీలం. ఉక్కు వేడెక్కే కొద్దీ కనిపించే వరుస ఇది. టమియా కంపెనీ పారదర్శక రంగులను ఈ వరుసలోనే, ఊపిరి సోకినంత పలచగా, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి పాకేలా కొట్టారు. పొట్ట కింద 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల తుపాకీ ఉంటుంది. దాని మూతి వెనక మసి కోసం నల్ల పాస్టెల్ పొడిని మెత్తటి కుంచెతో వెనక్కి లాగారు. వెనక సగం శరీరం విడదీసే అతుకు దగ్గర మాత్రం పెన్సిల్ గ్రాఫైట్ వేలితో రుద్దారు. ఇంజిన్ మార్చాలంటే మిగ్‌ను ఆ అతుకు దగ్గర రెండుగా విడదీయాల్సిందే. “ఇక్కడ మా చేతులే తగిలేవి” అన్నారు. ఆ ఒక్క పనీ కుర్రాడికి ఇవ్వలేదు.

1963లో మన దళంలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఈ రకం విమానాలకు నాసిక్‌లో ఒళ్లు, కోరాపుట్‌లో ఇంజిన్లు తయారయ్యాయి. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో మన బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్.ఏ.ఎల్.) విభాగం పెట్టారు. హైదరాబాద్‌లో ఎన్నో కుటుంబాలు ఆ జీతం మీద పెరిగాయి. అయినా పత్రికల్లో ఈ విమానం పేరు ప్రమాదాల లెక్కలతోనే ఎక్కువ వినిపించింది. పోయిన పైలట్లను తలచుకోవాల్సిందే. ఆ మాట ఎత్తితే ఈయన గొంతు ఇప్పటికీ మారుతుంది. కానీ తెల్లవారుజామున నిచ్చెన వేసి, చమురు కారిన చోట గుడ్డతో తుడిచి, విమానాన్ని మళ్లీ పైకి పంపిన మనుషుల గురించి రాసింది చాలా తక్కువ. ఈ గదిలో నేను చూసిన ప్రతి మరకా ఆ మనుషుల పని ఆనవాలు. వెదరింగ్‌ను మురికి పూయడం అనుకునేవాళ్లు ఆయన పక్కన ఒక పూట కూర్చోవాలని నా కోరిక.

చివరికి మెరుపు తగ్గించే మ్యాట్ కోటు మిగిలింది. బయట వాన మొదలైంది కాబట్టి ఆయన అది వేయలేదు. గాలిలో తేమ ఎక్కువైతే ఆ కోటు తెల్లబారిపోతుంది, ఇన్ని రోజుల పనీ పొగమంచు పట్టినట్టవుతుంది. తర్వాతి కిట్ అప్పటికే అలమారలో ఉంది: 1971 యుద్ధం నాటి మిగ్. వెండి రంగు విమానాల మీద అప్పటికప్పుడు ఆకుపచ్చ పులిమి యుద్ధానికి పంపినవి అవి; ఒక్కో స్క్వాడ్రన్‌ది ఒక్కో తీరు. ఆ హడావుడి రంగును ఎయిర్‌బ్రష్‌తో నునుపుగా కొడితే అబద్ధం అవుతుందని, చేతి కుంచెతోనే వేయాలని ఆయన పట్టుదల. ఎంత సన్నని కుంచె అయితే దాని చారలు ఈ స్కేలుకు సరిపోతాయన్నది కుర్రాడు పాత రెక్క ముక్క మీద వేసి చూస్తున్నాడు. అసలు రంగు మొదలయ్యేది వానలు వెనక్కి తగ్గి, గాలి పొడిబారాకే, అంటే కార్తీక మాసంలో.