గోడ మాది... పడవలు మీవి!

ఆశ్వయుజం వచ్చిందంటే బెజవాడలో కృష్ణమ్మ రంగు మారుతుంది. మొన్నటిదాకా ఎర్రగా పరుగులెత్తిన నీరు తేటపడుతుంది. లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది. మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై అమ్మవారు సరస్వతిగా దర్శనమిస్తుంది. శరత్తు వచ్చిందని పంచాంగం చూడకుండానే తెలిసిపోతుంది.

చెవికీ ఓ గుర్తుంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనే అది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తీర్చిదిద్దిన ఆ కార్యక్రమంలో బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం గొంతులు వింటూనే పాత బెజవాడ కళ్లాపి చల్లుకుంది, పాలు కాచుకుంది. ఒక ఇంట్లో రేడియో పెడితే సందంతా వినేది. గోపాలరత్నం 1993లో, బాలమురళి 2016లో వెళ్లిపోయారు. ఆ పాటలిప్పుడు ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. తెల్లవారుజామున కాచుక్కూచుని విన్న రుచి మాత్రం రాదు!

ఈ ఊళ్లో శరత్తుకు రాజకీయం కూడా తోడవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 అక్టోబరు నాటి రికార్డు చెరిగిపోయింది. ఒకప్పుడు వరదంటే వణికిపోయిన కృష్ణలంకను ఈసారి రిటైనింగ్‌ వాల్‌ కాపాడింది. ఆ గోడను రెండు పార్టీల ప్రభుత్వాలూ కొంత కొంత కట్టాయి. ఇంకేం... ఘనత మాదంటే మాదని వాదన. అదే వరదకు కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. గోడ మాదన్న పార్టీలే పడవలు మీవంటే మీవన్నాయి. టీకొట్ల దగ్గర చాన్నాళ్లు ఇదే ముచ్చట.

ఈ గొడవలో సింగ్‌నగర్‌ వెనకబడింది. అక్కడ ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. గట్లు తెగి కాలనీలకు కాలనీలే రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. జనానికి పాలప్యాకెట్లు పడవల్లో అందించాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి దసరా! గోడలకు నీటి చార ఆరకముందే గుమ్మాలకు మామిడాకులు కట్టాల్సి వచ్చింది. నిజానికి బెజవాడకు బుడమేరు కొత్త శత్రువేం కాదు. దుఃఖదాయిని అన్న పేరు దానికి ఎప్పటినుంచో ఉంది. వాగు దారిలో ఇళ్లు లేచాయి. డైవర్షన్‌ కాల్వ ఎంత వరద మోయగలదో వానాకాలంలోనే గుర్తొస్తుంది. నీరు తేటపడగానే మరుపు.

విజయదశమి సాయంత్రం కృష్ణలో హంసవాహనం తిరిగితే చూడ్డానికి ఊరంతా కదులుతుంది. ప్రవాహం ఉధృతంగా ఉన్న ఏళ్లలో వాహనాన్ని ఒడ్డునే ఉంచి పూజలు చేస్తారు. నాయకులూ తప్పక వస్తారు. బుడమేరు వైపు వెళితే మాత్రం కనిపించేది గుర్రపుడెక్కే.