పాత బండికి ఏటేటా పరీక్ష

వాహనం పాతబడితే ప్రమాదకరమనీ, కొత్తదైతే క్షేమకరమనీ మనలో చాలామంది భావిస్తారు. చుట్టుపక్కల పల్లెల నుండి మదరసాకు పిల్లలను తీసుకువచ్చే వ్యాను బాధ్యత కొన్నేళ్లుగా మాపై ఉన్నది గనుక, ఇది సగం నిజం మాత్రమేనని మేము చెప్పగలము. 13 మంది కూర్చునే ఆ వ్యాను మేము కొన్ననాటికే ఆరేళ్లు తిరిగిన బండి. ఇప్పుడు దానికి 12 ఏళ్లు.

మన చట్టంలో సొంత కారుకు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. పొగ పరీక్షను మినహాయిస్తే, అంతవరకు దాని బ్రేకులు ఎలా ఉన్నవో క్రమం తప్పక చూసే ఏర్పాటు లేదు. 15 ఏళ్లు నిండాక పరీక్ష చేయించి, అయిదేళ్లకు పునరుద్ధరించుకోవాలి. విద్యాసంస్థ బస్సును మాత్రం చట్టం రవాణా వాహనాలలో చేర్చింది. వాటికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవలసిందే. మా వద్ద చదువుకొని బ్రిటన్‌లో స్థిరపడిన ఒక శిష్యుడు, అక్కడ మూడేళ్లు నిండిన ప్రతి కారుకూ ఏటేటా పరీక్ష ఉన్నదనీ, బండి నంబరుతో ఎవరైనా దాని పాత ఫలితాలను ఉచితంగా చూడవచ్చుననీ చెప్పాడు. పాత కారు కొనేవారికి ఇంతకు మించిన మేలు ఏమున్నది? మన దగ్గర కొనేవాడు అమ్మేవాడి మాటనే నమ్ముకోవాలి.

మేము చూసినంతలో పాత బండి పరీక్షలో తప్పేది ఇంజను వల్ల కాదు. ఒక పక్కకు తిరిగిన హెడ్‌లైటు, ఎండకు గట్టిపడిన వైపరు రబ్బరు, వెలగని ఇండికేటరు, సాగిపోయిన హ్యాండ్‌బ్రేకు తీగ, ఇవే ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైనవి టైర్లు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ ఎత్తున గాడిలోనే చిన్న దిమ్మలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చవలసిందే. ఇది తెలుసుకోవడానికి మెకానిక్ అక్కరలేదు, కూర్చొని చూస్తే చాలు.

గత వేసవిలో మా వ్యాను ముందు టైర్లు రెండూ ఆ స్థితికి వచ్చాయి. ఒక మధ్యవర్తి మా వద్దకు వచ్చి, "హజరత్, మీరెందుకు శ్రమపడతారు? కొత్త టైర్లు మేమే తగిలిస్తాము. పరీక్ష కాగానే విప్పుకుంటాము. బాడుగ ఇస్తే చాలు" అన్నాడు. నిధులు లేని వేళ ఇందులో తప్పేమున్నదని కమిటీలో ఒక పెద్దమనిషి అడిగారు. ఆయన దురుద్దేశం గలవారు కారు. జకాత్ సొమ్మును టైర్లకు వాడరాదు, సాధారణ విరాళాల పెట్టె దాదాపు ఖాళీ. ఆ సంగతి ఆయనకు మా కన్నా బాగా తెలుసు. "ఆ టైర్లు విప్పిన మరునాడు వాన పడితే, ఆ బండిలో మీ మనుమణ్ణి పంపుతారా?" అని మేము అడిగాము. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, జుమా నమాజు తరువాత తానే లేచి ప్రకటన చేశారు. రెండు టైర్ల సొమ్ము ఆ పూటే సమకూరింది.

అయినా మొదటిసారి బండి తప్పింది. హ్యాండ్‌బ్రేకు, ఎడమ హెడ్‌లైటు. మళ్లీ చూపించి పత్రం తెచ్చుకునే వరకు వారం రోజులు వ్యానును గేటు దాటనివ్వలేదు. పెద్ద పిల్లలు నడిచి వచ్చారు, కొందరిని తల్లిదండ్రులు ఆటోలో పంపారు. దూరపు పల్లె ఆడపిల్లలు ఇద్దరు ఇంట్లోనే ఉండిపోయారు. వారి తండ్రి కోపగించుకున్నాడు. ఆ కోపం న్యాయమైనదే.

పత్రం వచ్చిన పదిహేను రోజులకు మెకానిక్ భాయ్ వెనుక సీటు కింద చాప ఎత్తి, తుప్పు పట్టిన రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూపాడు. అది నేరుగా కిందికి దిగిపోయింది. వానకాలంలో పిల్లల చెప్పుల తడి ఆ చాప కింద ఏళ్ల తరబడి నిలిచింది. పరీక్షలో చాప ఎత్తి చూసినవారు లేరు. పత్రం చెప్పేది ఆ రోజు స్థితిని, అదీ కంటికి కనిపించినంత మేరకే. మరో నాలుగు రోజులు బండి ఆపి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాము. అప్పటి నుండి డ్రైవరు నెలకొకసారి చాపలు ఎత్తి ఆరబెడుతున్నాడు.

ఇప్పుడు కమిటీ ఈ వ్యానును అమ్మివేసే ఆలోచనలో ఉన్నది. లోపం దాచి అమ్మిన సరుకును తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుందని ఫిఖహ్ పాఠంలో ఏటా చెబుతాము. దానిని ఖియారె ఐబ్ అంటారు. ఈ ఏడు జంతువుల ఉదాహరణలు మాని, పిల్లలను వ్యాను వద్దకే తీసుకువెళ్లి చూపించాము.

మొన్న ఒక కూరగాయల వ్యాపారి బేరానికి వచ్చాడు. ఫిట్‌నెస్ పత్రం చూసి తృప్తిపడి, బయానా తీయబోయాడు. మేము చాప ఎత్తి వెల్డింగ్ అతుకు చూపించాము. ఆయన వంగి చూసి, వేలితో తట్టి, ధర చాలా తగ్గించి అడిగాడు. కమిటీని అడిగి చెబుతామన్నాము. ఆదివారం మళ్లీ వస్తానని వెళ్లాడు.