కొండ ఎక్కితే ఆయాసమా? గ్యాసని సరిపెట్టుకోకండి

మా అక్కయ్యను తిరువూరు దగ్గర వినగడపలో ఇచ్చారు. కట్టలేరు పక్కనున్న ఊరు. పొద్దున్నే పులిహోర మూట కట్టుకుని బయలుదేరి, ఒక కొండ ఎక్కి, దీపాల వేళకు ఇల్లు చేరాలంటే ఆ వైపు వాళ్లకు అనువైనది కొండపల్లి ఖిల్లా. మైలవరం మీదుగా తిన్నని రోడ్డు. పిల్లలకు కోట చూసినట్టూ ఉంటుంది, దిగాక కొండపల్లి బొమ్మలు కొన్నట్టూ ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవుల్లో రెండు కుటుంబాల వాళ్లం కలిసి వెళ్లాం. కొండ మీదకు వాహనాలు వెళ్లే దారి ఉన్నా, పిల్లల సరదా కోసం జీపును కింద ఆపి, ఆ దారి వెంబడే నడక మొదలుపెట్టాం. మా బావగారికి అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. పదేళ్లుగా చక్కెర వ్యాధి. "ఈ మాత్రం కొండకి చేతికర్ర ఎందుకోయ్!" అంటూ అందరికన్నా ముందు నడిచారు.

సగం దూరం పోయేసరికి ఆయన మాటిమాటికీ ఆగి లోయలోకి చూడసాగారు. అడవి అందం చూస్తున్నారనుకున్నాను. దగ్గరకు వెళ్తే, చలికాలపు పొద్దున నుదుటి మీద చెమట! అరచేయి రొమ్ము మధ్య ఆనించి ఉంది.

"ఏమైంది బావా?"

"ఏం లేదోయ్, పొద్దున తిన్న పెసరట్టు. గ్యాసు పట్టింది."

కూర్చోబెట్టాను. నాలుగైదు నిమిషాల్లో బరువు తగ్గిందన్నారు. లేచి పది అడుగులు వేశారో లేదో మళ్లీ అదే పట్టు. కోట బురుజు కంటికి కనబడుతోంది. పిల్లలు ఏడుపు ముఖం పెట్టారు. అయినా జీపును పైకి పిలిపించి, ఆయన్ను ఒక్క అడుగు కూడా నడవనివ్వకుండా ఆస్పత్రికి చేర్చాం. గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళాల్లో రెండు చోట్ల అడ్డంకి ఉందని తేలింది. స్టెంట్లు వేశారు.

తరువాత అక్కయ్య చెప్పింది: మూడు నెలలుగా పొలం గట్టు ఎక్కినప్పుడల్లా ఆయనకు ఈ 'గ్యాసు' వస్తూనే ఉందట. ఇంట్లో డాక్టరు ఉన్నాడు కదా అని ఆయన ఆస్పత్రికి పోలేదు. బావే కదా అని నేను అడగలేదు. ఈ తప్పులో నా వాటా తక్కువేమీ కాదు.

గ్యాసుకూ గుండెనొప్పికీ తేడా ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. ఒక్క గుర్తు బాగా జ్ఞాపకం పెట్టుకోండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువును గుండెదిగానే అనుమానించాలి. అది ఎడమ చేతికో దవడకో పాకవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో అసలు నొప్పే లేకుండా ఆయాసం, చెమట, నిస్సత్తువ మాత్రమే కనబడవచ్చు. కూర్చున్నా తగ్గకపోతే, లేక విశ్రాంతిగా ఉన్నప్పుడే వస్తే, సోడాలూ వాము నీళ్లూ అంటూ కాలయాపన చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించవద్దు.

అలాగని కొండలు ఎక్కడం మానమనడం లేదు. మరుసటి ఏడు, వైద్యుల అనుమతి తీసుకుని, రోజూ నడక అలవాటు చేసుకున్నాక, అదే బావగారితో అదే కొండ ఎక్కాను. ఈసారి చేతికర్ర ఉంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందుంచి, మిగతావాళ్లం వెనుక నడిచాం. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ నడక సరైన వేగంలో ఉన్నట్టే. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి.

పైన దర్గా దర్వాజా దాటి తానీషా మహల్ చూశాం. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు ఏలిన కోట ఇది. 1766లో ఆంగ్లేయుల వశమయింది. మహల్ అవతల ఊటనీటి కోనేరు ఉంది. ఆ నీళ్లు మహా చల్లన అనీ, వాటివల్ల జ్వరం వస్తుందనీ పాతకాలం నుంచి చెప్పుకుంటారు. చల్లదనం వల్ల జ్వరం రాదు. నిలవనీటి దగ్గర పుట్టే దోమ వల్ల మలేరియా వస్తుంది. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనిపెట్టాడు. కాచని నీళ్లు తాగితే టైఫాయిడ్ రావచ్చు. చూశారా! పూర్వం జ్వరం వస్తే నేరం చల్లదనం మీద వేశారు. మనం గుండెపోటు వస్తే నేరం పెసరట్టు మీద వేస్తున్నాం. దోషి ఎవరో తెలియకపోతే మందు ఎలా కుదురుతుంది?

మీరు వెళ్లదలిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎండ ముదరకముందే ఎక్కండి. కాచి చల్లార్చిన నీళ్లూ, ఉప్పు వేసిన మజ్జిగా తీసుకుపోండి. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు సంగతి తమ డాక్టరునడగాలి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు భోజనం వేళ తప్పనివ్వకూడదు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే నోట్లో వేసుకోవాలి. మర్నాడు పిక్కలు పట్టేస్తే కాపడం పెట్టుకోండి. నొప్పి బిళ్లలు మాత్రం మీ అంతట మీరు మింగకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎ.కొండూరు తండాల్లో ఆ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తిరువూరు వైపు వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక బురుజు పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. చుట్టూ అడవి, బొమ్మలకు కావలసిన తెల్లపొణికి కర్ర ఇచ్చేది ఈ కొండలే. మేనల్లుడు సరదాగా పుల్లలు ఏరి పొయ్యి పెట్టబోతే వారించాను. ఎండుటాకుల అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అడవిశాఖవారు చాలాచోట్ల ఎత్తయిన కావలి గోపురాలు కట్టి ఎండాకాలం మనుషులను కాపలా పెడతారు. ఈ రోజుల్లో ఉపగ్రహాలు కూడా కబురందిస్తున్నాయి. కావలివాడు మంట కోసం ఎదురుచూడడు. సన్నని పొగ కనబడగానే కేక వేస్తాడు.

బావగారు అది విని, "నా పొగ మూడు నెలలు లేచిందోయ్, మనిద్దరం చూడలేదు," అన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా మేడ మెట్ల మధ్య ఆగి ఛాతీ రుద్దుకుంటున్నారా? ఈవేళే అడగండి. రేపే చూపించండి. కొండ ఎక్కడికీ పోదు.