పాత చీరల బొంత



మీ యింటి అటకమీద ఒకసారి చూడుడి. చిరిగిన చీరలు, పగిలిన గాజులు, ఖాళీ డబ్బాలు, ఎప్పుడో మూటగట్టి మరచిన సామగ్రి అక్కడ ఉండును. అదంతయు చెత్త అని తలంచుచున్నారా? నేనును అట్లే తలంచితిని. ఆ తలంపువలననే మా అమ్మ మనస్సును నొప్పించితిని. ఆ సంగతి మీకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1987లో తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చితిని. ఒకనాడు అమ్మ నాట్లకు పోయియుండగా, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చు మనిషి గంపతో మా వీధికి వచ్చెను. గదిమూలనున్న పాత చీరల మూట తెచ్చి అతని ముందు విప్పితిని. అతడు ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూచి, చిరుగులు లెక్కించి, చివరకు ఒక బేసిను చేతిలో పెట్టెను. ఇంటికి మంచి వస్తువు వచ్చినదని మురిసిపోతిని.

సాయంకాలము అమ్మ వచ్చి, బేసిను చూచి, ఆ మూలకు చూచెను. "నీలి చీర కూడ ఇచ్చితివా అమ్మా?" అని మాత్రము అడిగెను. ఇచ్చితినంటిని. ఆమె మారు పలుకక కాళ్లు కడుగుకొని పొయ్యి రాజేసెను. నా బిడ్డకు బొంత కుట్టవలెనని, నా పెండ్లి మొదలుకొని ఆమె ఆ చీరలు దాచుచున్నదని మరునాడు మా పెద్దమ్మ చెప్పినప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ నీలి చీర, నేను పుట్టినప్పుడు నాయన కొనిపెట్టినది.

అయినను అమ్మ బొంత మానలేదు. తాను కట్టుకొనుచున్న చీరలలో మెత్తబడినది ఒకటి, నాయన పాత పంచెలు రెండు తీసి, ఉడుకునీళ్లలో ఉతికి ఎండలో ఆరవేసెను. చాపమీద వాటిని పొరలుగా పరచి, ముడతలు అరచేతితో సరిచేసి, ముందు పెద్ద టాకాలతో పొరలను పట్టించెను. తరువాత అంచునుండి నడిమికి, వరుస వెంబడి వరుస, సన్నని కుట్లు కుట్టుచు వచ్చెను. ఊడదీసిన చీర అంచునే చుట్టును పట్టీగా వేసెను. పని ముగిసినప్పుడు చూడగా బొంత నడుమ నలుచదరపు నీలి ముక్క ఒకటి ఉండెను. ఆ చీర కొంగు మునుపెన్నడో చినిగినప్పుడు దానితో దిండు గలీబు కుట్టెనట. ఆ గలీబు విప్పి నా బిడ్డకు ఆ ముక్క ఉంచెను. ఖర్చు దారపు ఉండలకు మాత్రమే అయినది.

తరువాత చాల ఏండ్లకు ఇటువంటి మరియొక పనిని గూర్చి చదివితిని. రెండవ ప్రపంచయుద్ధములో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికులను 1942లో స్కాట్లండునకు ఉత్తరమున ఉన్న ఆర్క్నీ దీవులకు తెచ్చి, దీవుల మధ్య సముద్రమునకు అడ్డుకట్టలు కట్టు పనిలో పెట్టిరి. లాంబ్ హోమ్ అను చిన్న దీవిలోని ఖైదీలకు ప్రార్థనకు చోటు లేకుండెను. 1943లో అధికారులు వారికి రెండు రేకుల షెడ్లు ఇచ్చిరి. వాటిని ఒకదానికొకటి చేర్చి, డొమెనికో కియోకెట్టి అను ఖైదీయు తోటివారును దేవాలయముగా మార్చిరి. మాంసపు డబ్బాల రేకుతో దీపములు చేసిరి. మోటారుబండి పొగగొట్టపు భాగమునకు కాంక్రీటు పూసి బాప్తిస్మపు తొట్టి చేసిరి. లోపలి గోడలను చెక్కిన రాళ్లవలె కనబడునట్లు రంగులతో చిత్రించిరి. తల్లి యిచ్చిన చిన్న పటమును కియోకెట్టి యుద్ధమంతయు తన యొద్ద ఉంచుకొనెను. దానిని చూచియే బలిపీఠము వెనుక మరియమ్మ, బాలయేసుల చిత్రము వ్రాసెను. 1960లో అతడు తిరిగి వచ్చి దానిని బాగుచేసెను. ఆ దేవాలయము నేటికిని నిలిచియున్నది.

ఆ ఖైదీల చేత ధనము లేదు, మా అమ్మ చేతను లేదు. లేనిదానిని గూర్చి దుఃఖించుచు కూర్చుండక, ఉన్నదానిని తిప్పి చూచిరి. అందముగల యిల్లు కొనువానికే గాని మనకు కాదని మనము సణుగుదుము. అది నిజము కాదు.

అయితే కనబడిన ప్రతిదానిని దాచుట వివేకము కాదు. వాడని మూటలలో ఎలుకలు చేరును. రేకు డబ్బాను కత్తిరించినయెడల, పిల్లల వ్రేళ్లు తెగకుండ అంచు లోపలికి మడిచి కొట్టవలెను. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను ఇంటిలోనికి తేవలదు, పూలమొక్కకైనను వాడవలదు. పగిలిన గాజులను తోరణముగా గ్రుచ్చుటకు ముందు మొనలను రాతిమీద అరగదీయుడి.

ఆ బేసిను సొట్టలుపడి ఏనాడో పోయినది. బొంతమీద నా కుమార్తె పండుకొని పెరిగినది, దాని బిడ్డయు పండుకొన్నది. కుట్లు వదలినచోట ఇప్పుడు నేను కుట్టుచున్నాను. అమ్మ 2009లో కన్నుమూసెను. "తప్పు చేసితినమ్మా" అని ఆమెతో ఒక్కనాడును నేను అనలేదు. ఆమె ఎన్నడును అడుగలేదు గనుక అనవలసిన పని లేదనుకొంటిని.

ప్రియ చదువరీ, మీ వీధిలో సామానువాని కేక వినబడినప్పుడు, మూట విప్పకముందే దానిని దాచినవారిని అడుగుడి. ఇదివరకే ఇచ్చివేసియుండినయెడల, వారు బ్రదికియుండగానే వారి యొద్దకు వెళ్లి ఆ మాట చెప్పుడి.