నెల తప్పిందంటే...

మన ఇళ్లలో ‘అమ్మాయి నెల తప్పింది’ అంటే అర్థం ఒక్కటే. పుట్టింటికి ఫోన్లు వెళ్తాయి, స్వీటు డబ్బా తెరుచుకుంటుంది. నాకు పదిహేనో ఏడు నుంచీ నెల తప్పుతూనే ఉంది. నలభై రోజులకోసారి, యాభై అయిదు రోజులకోసారి, ఇంటర్ పరీక్షలప్పుడైతే ఏకంగా మూడు నెలలకి. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే’ అనేది అమ్మ. అమ్మమ్మ తనకు చెప్పిన మాటే నాకు చెప్పింది.

2015లో పెళ్లయింది. మావారు గూడ్సు రైలు నడుపుతారు. విజయవాడలో కాపురం, అత్తయ్య మా దగ్గరే. ఆవిడ పాతకాలం మనిషే కానీ కఠినురాలు కాదు. కాకపోతే ఆ మూడు రోజులూ వంటింట్లోకి, దేవుడి గదిలోకి వెళ్లకూడదన్నది వాళ్లింటి పద్ధతి. దాంతో నా నెలసరి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. గోడమీది తెలుగు క్యాలెండరులో పాల లెక్క, గ్యాసు బండ తేదీ పక్కనే నాదీ ఒక చిన్న చుక్క. పెట్టేది నేనే, చూసేది మాత్రం ఇద్దరం.

పెళ్లయిన ఏడాదికి ఒకసారి 48 రోజులు దాటింది. అత్తయ్య ఏమీ అడగలేదు. కానీ ఇంట్లోకి బొప్పాయి రావడం ఆగిపోయింది. నేను నీళ్ల బిందె ఎత్తబోతే ‘ఉండు’ అని తనే అందుకున్నారు. చింతకాయ పచ్చడి నా కంచంలో రెండుసార్లు పడింది. 53వ రోజు పొద్దున్నే నేను వంటింటి గడప బయట నిలబడ్డాను. ఆవిడ ఓ క్షణం చూసి, ‘సరే, వెళ్లి పడుకో అమ్మాయ్’ అన్నారు. అంతే. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఇలా ఎన్నిసార్లయిందో. పిల్లల కోసం ఎదురుచూసే ఆడవాళ్లందరికీ నెలకొక నిరాశ తప్పదు. నాలాంటి వాళ్లకి ఆ నిరాశకు ముందు ఇరవై రోజుల ఆశ అదనం. ఎవరింటి శుభకార్యానికి వెళ్లినా ‘ఏమన్నా విశేషమా?’ అన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. మోపిదేవి వెళ్లి పుట్టలో పాలు పోసి వచ్చాం. నాకు నమ్మకం ఉంది, ఇప్పటికీ ఏటా వెళ్తాం. మొదట చూపించుకున్న డాక్టరు మాత్రం, ‘వయసు చిన్నదే, 14వ రోజు చూసుకోండమ్మా’ అని అయిదు నిమిషాల్లో పంపేశారు.

ఈ 14వ రోజు లెక్కతో ఎంతమంది ఆడవాళ్ల నెలలు వృథా అవుతున్నాయో! అది 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ల లెక్క. అసలైతే వెనకనుంచి లెక్కపెట్టాలి. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఆ రెండు వారాలు పెద్దగా మారవు, మారేది దానికి ముందు కాలమే. అంటే 45 రోజుల చక్రంలో అండం విడుదలైతే, 31వ రోజు దగ్గర. అసలు విడుదలైతే! విడుదలైన అండం ఒక్కరోజుకు మించి బతకదు. వీర్యకణాలు అయిదు రోజుల దాకా ఉండగలవు. 14వ రోజున మావారు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా, 31వ రోజున గూడూరు రన్నింగ్ రూములో పడుకుంటే ఏం లాభం? ‘21వ రోజు ప్రొజెస్టిరాన్ పరీక్ష’ సంగతీ అంతే. నాలాంటి వాళ్లకి 21వ రోజున అది తక్కువ ఉండక ఏం చేస్తుంది?

2018లో వెళ్లిన రెండో డాక్టరమ్మ నా క్యాలెండరు అడిగారు. ఆ చుక్కలన్నీ ఓ కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాను. వాటిని చూస్తూనే, ‘నెలసరి ఇంత అస్తవ్యస్తంగా ఉంటే ఏడాది ఆగాల్సిన పనే లేదు, ముందే రావచ్చు’ అన్నారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగరు, మగ హార్మోన్ల పరీక్షలు, ఓ స్కానింగు. థైరాయిడ్ మందగించినా, ప్రొలాక్టిన్ పెరిగినా అండం విడుదల దెబ్బతింటుందట. వాటికి మాత్రలున్నాయి. నాకు ఆ రెండూ బాగానే ఉన్నాయి. ఉన్నది పీసీఓఎస్.

‘అండాశయంలో నీటి బుడగలు’ అని ఇంటికొచ్చి చెప్పగానే అత్తయ్య ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు తీసేశారు, చల్లనీళ్ల వల్లే బుడగలని. నవ్వొచ్చింది కానీ, తప్పు ఆవిడది కాదు, పేరుదే. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ సమస్య గురించి రాశారు. అప్పటినుంచీ ఆ బుడగల మాట అంటుకుపోయింది. నిజానికి అవి ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన అండం తిత్తులు. మామూలుగా ప్రతి నెలా కొన్ని తిత్తులు బయల్దేరి, వాటిలో ఒకటి ముందుకెళ్తుంది. మాలో ఇన్సులిన్, మగ హార్మోన్లు ఎక్కువై ఏదీ గమ్యం చేరదు. మావారి భాషలో చెప్పాలంటే అన్ని బండ్లూ యార్డులోనే, సిగ్నల్ పడదు. పిల్లల్ని కనే వయసులోని ఆడవాళ్లలో నూటికి 8 నుంచి 13 మందికి ఈ సమస్య ఉందని ఒక అంచనా.

మందులు మొదలుపెట్టేలోపే డాక్టరమ్మ మావారికి వీర్య పరీక్ష రాశారు. ‘మావాడికేం?’ అన్నారు అత్తయ్య. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లి ఇచ్చేసి వచ్చారు. ఫలితం బాగానే ఉంది. నాకు మటుకు ఈ పరీక్ష అందరికంటే ముందు జరగాలనిపిస్తుంది. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపునా ఏదో ఒక కారణం ఉంటుంది. సూదులు, స్కానింగులు మాత్రం ఆడదానికే ముందు మొదలవుతాయి.

నాకు రాసింది లెట్రోజోల్. నెలసరి రెండో రోజు నుంచి అయిదు రోజులు. మందుల షాపతను చీటీ చూసి, ‘ఎవరికమ్మా? ఇది రొమ్ము క్యాన్సర్ మందు’ అన్నాడు. నా పక్కన నలుగురున్నారు. చేతులు చల్లబడ్డాయి. అతనన్నది అబద్ధం కాదు. 2011లో మన ప్రభుత్వం సంతానలేమికి ఈ మందు వాడకూడదని నిషేధించింది కూడా. అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. పాత మందు క్లోమిఫెన్ వాడినవాళ్లలో నూటికి 19 మంది పిల్లల్ని కంటే, లెట్రోజోల్ వాడినవాళ్లలో 27 మందికి పైగా కన్నారు. 2017లో మన దగ్గరా నిషేధం తీసేశారు. డాక్టరమ్మ ఇదంతా ఓపిగ్గా చెప్పాకే నేను మొదటి మాత్ర వేసుకున్నాను.

ఇక స్కానింగులు. తొమ్మిదో రోజు, 11, 13... తెల్లారగట్ల టోకెను తీసుకుని కూర్చుంటే చుట్టూ నాలాంటి వాళ్లే. ఎవరూ పేర్లు చెప్పుకోరు, అంకెలే. ‘నీకెంత?’ ‘12.’ ‘నాకు 16 వచ్చింది.’ మిల్లీమీటర్లు! 18, 20 దాకా పెరిగితే ఇంజెక్షన్ ఇస్తారు. సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. మావారు ఏ స్టేషన్లోనో బండి ఆగినప్పుడు ఫోన్ చేసి, క్రికెట్ స్కోరు అడిగినట్టు ‘ఎంత?’ అనేవారు. మొదటి నెల 10 దాటలేదు. మోతాదు పెంచారు. రెండో నెల 19కి వచ్చింది, ఇంజెక్షనూ పడింది. ఆ రాత్రే ఆయనకు గూడూరు బండి. పై అధికారికి ఏం చెప్పి సెలవడగాలి? ‘మా ఆవిడకి 19 వచ్చింది’ అని చెప్పలేరు కదా. కడుపునొప్పి అని సెలవు పెట్టారు. తర్వాత రెండు వారాలకు ఎర్రగా కనిపించినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

బరువు తగ్గమన్నారు. ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా కొందరిలో అండం దానంతటదే దారిన పడుతుందట. నేను 74 నుంచి 70కి వచ్చాను, పొద్దున్నే కాలవగట్టు నడకలతో. అయితే సన్నగా ఉన్నవాళ్లలోనూ పీసీఓఎస్ ఉంటుంది. టోకెన్ల వరసలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఈనెపుల్లలా ఉండేది. లావు వల్లే పిల్లల్లేరని మొహానే చెప్పే బంధువులు ఆ పిల్లని చూసి ఏమంటారో!

అయిదో నెలలో నిలిచింది. తమాషా ఏంటంటే, ‘అత్తయ్యా, నెల తప్పింది’ అని నేను చెబితే ఆవిడ అనుమానంగా ‘ఎన్నో రోజు?’ అని అడిగారు. రక్తపరీక్ష కాగితం చూపించాక గానీ నమ్మలేదు. స్వీటు డబ్బా తెరవనివ్వలేదు. స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపించాకే అమ్మకి ఫోన్ చేశారు.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. కాన్పయితే అన్నీ సర్దుకుంటాయన్నారు కానీ నా నెలలు నాతోనే ఉన్నాయి. మూడు నెలలు రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుందని మాత్రలు ఇస్తారు. ఏటా షుగరు చూపించుకుంటాను, మాలాంటివాళ్లకి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని.

మా ఆడపడుచు కూతురికి 17 ఏళ్లు. పెద్దమనిషై అయిదేళ్లయినా రెండు నెలలకోసారే వస్తోంది. మొదటి మూడేళ్లు కాస్త అటూ ఇటూ అవడం మామూలేనట, అది దాటాక ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తే చూపించుకోవాలి. మొన్న సంక్రాంతికి అందరం కూర్చున్నప్పుడు వదిన, ‘పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే’ అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. ‘పెళ్లి సంగతి తర్వాత. ముందు దాని తేదీలు రాయించు. కోడలు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తుంది.’

పండగ వెళ్లిన శనివారం ముగ్గురం వెళ్లాం. పిల్ల ఫోన్లో రాసుకున్న తేదీలన్నీ చూపించింది. థైరాయిడ్ రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు.