‘కరెంటు’కీ ఓ దిట్టం!

తిరుమల లడ్డూకి ఓ లెక్క ఉంది. శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర ఎంత, జీడిపప్పు ఎంత... అన్నీ రాసిపెట్టిన ఆ లెక్కని ‘దిట్టం’ అంటారు. పోటులో ఎవరు చేసినా ఆ దిట్టం ప్రకారమే చేయాలి. కొండ కింద క్యాన్సర్ వైద్యానికీ అలాంటి దిట్టమే ఉంది. లడ్డూ లెక్క తప్పితే రుచి చెడుతుంది. ఈ లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో రేడియేషన్ చికిత్సని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ‘ఆపరేషన్ అయిపోయింది, ఇంక కరెంటు పెట్టాలంట’ అనే మాట చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. ఒకప్పుడు ఆ మాట వినడానికి వేలూరు సీఎంసీకో మద్రాసుకో పోవాల్సి వచ్చేది. తర్వాత తిరుపతికి స్విమ్స్ వచ్చింది. 2022లో టాటా ట్రస్టుల చేయూతతో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రీ తలుపులు తెరిచింది. దారి దగ్గరైంది కానీ, భయం మాత్రం అలాగే ఉంది.

‘ఎంతసేపు పెడతారు సార్? ఎక్కువైతే లోపల కాలిపోదా?’

చదువు లేని పెద్దమ్మ అడిగే ఈ ప్రశ్న దగ్గరే పెద్దపెద్ద శాస్త్రవేత్తలూ తలలు పట్టుకుంటారు. డోసు తగ్గితే గడ్డ మిగిలిపోతుంది. పెరిగితే పక్కనున్న మూత్రాశయమో, పేగో, ఎముకో దెబ్బతింటుంది.

దూరం నుంచి కిరణాలు పంపే బదులు, వాటిని పుట్టించేదాన్నే గడ్డ దగ్గరికి తీసుకెళ్లే పద్ధతి పేరు బ్రాకీథెరపీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఇది చాలా ముఖ్యం. మన దేశంలో ఇందుకు ఎక్కువగా వాడేది చిన్న గింజంత ఇరిడియం. 74 రోజులకి దాని బలం సగమవుతుంది. అంటే ఈ రోజు అయిదు నిమిషాలు పట్టే చికిత్స, రెండున్నర నెలలకి పది నిమిషాలవుతుంది. ఆ తరుగుదల ముందే తెలుసు కాబట్టి లెక్క కట్టడం తేలిక.

దీనికి తోడు ఇంకో పద్ధతి వచ్చింది. సన్నటి గొట్టం చివర 50 కిలోవోల్టులతో ఎక్స్‌రేలు పుట్టించే బుల్లి యంత్రం అది. స్విచ్చి వేస్తే కిరణాలు, ఆపితే ఏమీ ఉండవు. పల్లెటూరి వాళ్లు అన్న ‘కరెంటు’ మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది! రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసేసిన వెంటనే, ఆపరేషన్ బల్ల మీదే ఒక్కసారి ఈ కిరణాలు ఇస్తే సరిపోతుందా అని జయంత్ వైద్య అనే భారతీయ సర్జన్, ఆయన సహచరులు లండన్‌లో 2000లో పరిశోధన మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో రొమ్ములో పెట్టిన గోళం అంచున డోసు 20 గ్రేలు. అక్కడినుంచి ఒక్క సెంటీమీటరు లోపలికి వెళ్తే అయిదు నుంచి ఏడు గ్రేలే! గోరంత దూరంలో అంత తేడా.

చిక్కంతా అక్కడే. ఇరిడియంలా ఈ గొట్టానికి ముందే తెలిసిన తరుగుదల లేదు. ఒక గొట్టం ఇచ్చినన్ని కిరణాలు ఇంకోటి ఇవ్వదు. వాడేకొద్దీ మారుతుంది కూడా. కాబట్టి రోగికి పెట్టేముందు ప్రతిసారీ కొలవాల్సిందే. ఈ పని చేసేది మెడికల్ ఫిజిసిస్ట్. బావిలాంటి గుంట ఉన్న ఒక పాత్రలోకి గొట్టాన్ని దించుతారు. కిరణాలు తగిలి లోపలి గాలిలో పుట్టే అతిచిన్న కరెంటుని కొలుస్తారు. గాలితో కొలత కాబట్టి దాని వేడి, ఒత్తిడీ చూడాలి. గది 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకి వేడెక్కితే లెక్కలో మూడు శాతానికి పైగా తేడా వస్తుంది. అదే పాత్రని తిరుపతి నుంచి తిరుమల కొండెక్కిస్తే గాలి ఒత్తిడి ఏడెనిమిది శాతం తగ్గుతుంది. సవరించకపోతే ఆ తేడా అంతా రోగి ఒంటి మీదికే!

ఇంకో మాట. ఇరిడియం కోసం సరిచూసిన పాత్ర ఈ బలహీనమైన ఎక్స్‌రేలకి పనికిరాదు. పాల కేంద్రంలో ఆవుపాలకీ గేదెపాలకీ ఒకే లెక్క కుదరనట్టే ఇదీ. పైగా లెక్కలన్నీ శరీరాన్ని నీళ్లుగా అనుకుని కడతారు. ఈ కిరణాలని ఎముక నీళ్లకంటే ఎక్కువగా పీల్చుకుంటుంది, కొవ్వు తక్కువగా పీల్చుకుంటుంది. ఆ తేడా తెలిసిన కన్ను కూడా కావాలి.

అందుకే కొలిచే పాత్రకీ ఒక కొలత ఉంది. మన దేశంలో బ్రాకీథెరపీ పాత్రల్ని సరిచూసేది ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం. ఆసుపత్రులు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటించాలి.

డాక్టరుకి దండం పెడతారు. నర్సమ్మకి పండ్లు తెచ్చిస్తారు. తలుపు వెనక కూర్చుని, ఉష్ణోగ్రత రాసుకుని, మీటరు చూసి, ‘మళ్లీ ఒకసారి కొలుద్దాం’ అనే మనిషి మాత్రం ఎవరికీ కనిపించడు. పెద్దమ్మ అడిగిన ‘ఎంతసేపు సార్’ అనే ప్రశ్నకి జవాబు అతని చేతిలోనే ఉంది. ఇంట్లో ఎవరికైనా కరెంటు పెట్టాలని చెబితే, ‘ఎంత డోసు ఇస్తున్నారు, ఎలా సరిచూస్తున్నారు’ అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. దిట్టం సరిగ్గా ఉన్నచోట ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎవరూ విసుక్కోరు!