వైకుంఠపాళిలో 'ఊహ'

మహాశివరాత్రి జాగరణవేళ వైకుంఠపాళి ఆడుకోవడం తెలుగునాట చిరపరిచితమైన ఆచారం. నిచ్చెనలు భక్తి జ్ఞాన వైరాగ్యాది సుగుణాలకు, సర్పాలు కామక్రోధాది దుర్గుణాలకు ప్రతీకలు. పటం ఒకటే అయినా నియమాలు ఇంటింటికీ భిన్నం. ఒక ఇంట ఒకటి పడితేగాని పావు పటంలో ప్రవేశించదు. మరొక ఇంట ఆ నిర్బంధం లేదు. ఈ మార్పు ధర్మసమ్మతమా?

పూర్వమీమాంసలో జైమిని మహర్షి తొమ్మిదవ అధ్యాయంలో 'ఊహ'ను విచారించాడు. ఇక్కడ ఊహ అంటే కల్పన కాదు, సందర్భోచితమైన సవరణ. ప్రకృతియాగంలో అగ్నిని ఉద్దేశించిన మంత్రం, సూర్యుడు దేవతగా గల వికృతియాగానికి వచ్చినప్పుడు అగ్నిపదం స్థానంలో సూర్యపదం చేరుతుంది. తక్కినది యథాతథం. ప్రయోజనం నిలవడానికి ఎంత అవసరమో అంతే మార్పు.

కలిదిండిలో పాతాళ భోగేశ్వరస్వామిని దర్శించుకుని వచ్చిన ఒక ఇంట, ఆ రాత్రి మనవడి పావు వైకుంఠానికి చేరువలో పెద్దపాము నోట పడింది. "ఈ పాము వద్దు మామ్మా!" అని బాలుడు ఏడ్చాడు. "గవ్వలు పడిపోయాయి నాయనా, వచ్చే ఆటకు అడుగు" అన్నది ఆ వృద్ధురాలు. మలి ఆటకు ముందే, పెద్దపాము మింగినవారు అట్టడుగుకు గాక నడిమి వరుసకు దిగాలని అందరూ అంగీకరించారు. ఆ వెసులుబాటు ఫలించింది బాలుడికి కాదు, అతని చెల్లెలికి. అతడు చిన్నబుచ్చుకున్నాడు, కాని మాట తప్పలేదు.

గవ్వలు పడటం ప్రారబ్ధం. నియమాన్ని నిర్ణయించుకోవడం పురుషకారం. పందెం పడిన తరువాత నియమాన్ని మార్చడం రాగద్వేషాల పని. అయితే ముందుగా మార్చినంత మాత్రాన అది ధర్మం కాదు. సభాపర్వంలో దుర్యోధనుడు పణాన్ని ఒడ్డగా శకుని పాచికలు వేశాడు. ఒకరి కోసం మరొకరు ఆడటం సమంజసం కాదని ధర్మరాజు పలికాడు, అయినా ఆడాడు. ఆ మార్పు ఆటకు ముందే జరిగింది, కాని ఫలం ఎవరిదో ముందే తెలిసి జరిగింది.

సాధకుని నియమాలకూ ఇదే గీటురాయి. వృద్ధులు, రోగులు ఉపవాసాన్ని ఫలాహారంగా సంకల్పించుకోవచ్చు, అది ఊహ. ఆరోగ్యవంతుడు సాయంకాలం ఆకలి వేశాక శాస్త్రంలో మినహాయింపు వెదికితే అది ఇంద్రియలౌల్యం. సవరణ సంకల్పానికి ముందుండాలి, ఫలాపేక్ష లేనిదై ఉండాలి, వ్రతప్రయోజనాన్ని కాపాడాలి. పామును తొలగించిన పటంలో నిచ్చెనకూ అర్థం ఉండదు.

సర్వం శివార్పణమస్తు.